విదేశీ కొనుగోలుదారు గుంటూరు వస్తే ఏం చూపించాలి: మన ప్రాంత వ్యాపారాన్ని బయటి దేశాలకు పరిచయం చేసే పద్ధతి

గుంటూరు మిర్చి యార్డు గేటు దగ్గర కారు దిగిన విదేశీయుడు ముందు తుమ్ముతాడు. తర్వాత రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, కళ్ళ ముందు గుట్టలుగా పేర్చిన టిక్కీల (మిర్చి బస్తాల) వైపు అలా చూస్తూ నిలబడిపోతాడు. ఆ ఒక్క చూపుతో బేరం సగం కుదిరినట్టేనని మనలో చాలామంది నమ్మకం. నేనూ చాలా ఏళ్ళు అదే నమ్మాను. ఒకసారి యూరప్ నుంచి వచ్చిన ఒకాయన ఒక టిక్కీ మీద చెయ్యి వేసి, "ఈ కాయ ఏ ఊరిది? దీనికి ఏ మందులు కొట్టారు? చివరిసారి ఎప్పుడు కొట్టారు?" అని వరసగా అడిగాడు. అక్కడున్న ఐదారుగురిలో ఒక్కరి దగ్గరా జవాబు లేదు. ఆయన మర్యాదగా నవ్వి, ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆర్డరు రాలేదు.

ఆ రోజు నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. గుంటూరు, విజయవాడ ప్రాంతం నుంచి సరుకు పంపాలనుకునే కొత్త ఎగుమతిదారులకు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు, బయటి పెట్టుబడిని ఇక్కడికి తేవాలనుకునే వ్యాపార సంఘాలకు పనికొస్తుందని ఆ పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా మిర్చివే, నాకు బాగా తెలిసినది అదే కాబట్టి. పత్తి, పసుపు, మంగళగిరి చేనేత, ఆటోనగర్ విడిభాగాలు, ఏవైనా దారి మాత్రం ఇంచుమించు ఇదే.

మొదటి అడుగు: ఎవరికి, ఏం చూపిస్తున్నామో తేల్చుకోవడం

కొనుగోలుదారు వేరు, పెట్టుబడిదారు వేరు. కొనుగోలుదారుకు వచ్చే నెల కంటైనర్ కావాలి. పెట్టుబడిదారు వచ్చే పదిహేనేళ్ళ గురించి ఆలోచిస్తాడు. ఇద్దరికీ ఒకే పుస్తకం అచ్చేసి ఇస్తే ఇద్దరూ చదవరు. మొదటివాడికి సరుకు, ధర, పరీక్ష రిపోర్టు, ఓడ ఎక్కే తేదీ చెప్పాలి. రెండోవాడికి భూమి, కరెంటు, నీరు, మనుషులు, చట్టం గురించి చెప్పాలి.

తర్వాత సరుకుని చిన్నగా కోసుకోవాలి. "ఆంధ్రప్రదేశ్‌లో అన్నీ ఉన్నాయి" అంటే వినేవాడికి ఏమీ మిగలదు. "గుంటూరు మిర్చి" అన్నా చాలదు. తేజ ఘాటుకి పేరు. మిర్చి నుంచి ఘాటు నూనె తీసే ఫ్యాక్టరీలు, చైనా కొనుగోలుదారులు దాన్నే అడుగుతారు. 334 సన్నం పొడికి, రోజువారీ వంటకి. బ్యాడిగి రకం ఘాటు తక్కువ, రంగు ఎక్కువ. సాసులు, మసాలాలు చేసేవాళ్ళు దాని కోసం చూస్తారు. ఘాటుని స్కోవిల్ యూనిట్లలో, రంగుని ఆస్టా విలువలో కొలుస్తారు. మీ సరుకుకి ఈ రెండు అంకెలూ ల్యాబ్ కాగితం మీద ఉండాలి. "మంచి ఘాటండీ" అన్న మాట మన మధ్య చెల్లుతుంది, సముద్రం దాటితే చెల్లదు.

ఒక చిన్న చిక్కు ముందే విప్పి చెప్పాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. పాత గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్ల జిల్లాలైంది. మన మిర్చిలో పెద్ద భాగం ఇప్పుడు పల్నాడు జిల్లా పొలాల్లో పండుతుంది. ప్రకాశం నుంచి, కృష్ణా వైపు నుంచి, తెలంగాణ నుంచి కూడా యార్డుకి కాయ వస్తుంది. విదేశీయుడు మ్యాప్ తెరిచి, కాగితం మీద గుంటూరు అని, పొలం దగ్గర పల్నాడు అని చూస్తే అనుమానపడతాడు. ఒక్క వాక్యంలో వివరించి, చిన్న మ్యాప్ జత చేస్తే ఆ అనుమానం పుట్టదు. గుంటూరు సన్నానికి భౌగోళిక గుర్తింపు ఉందన్న విషయం కూడా అక్కడే రాయండి. అయితే తేజకి, బ్యాడిగికి ఆ పేరు తగిలించకండి.

రెండో అడుగు: అంకెలు, అవతలివాడి కొలతల్లో

నాకు వచ్చే పరిచయ పత్రాల్లో ఎక్కువ భాగం ఇక్కడే దెబ్బతింటాయి. మనం లక్షలు, కోట్లు, క్వింటాళ్ళు, ఎకరాల్లో ఆలోచిస్తాం. చదివేవాడికి ఇవేవీ తెలియవు. కోటి అంటే 10 మిలియన్లు. క్వింటా అంటే 100 కిలోలు, కాబట్టి 10 క్వింటాళ్ళు ఒక టన్ను. హెక్టారు అంటే ఇంచుమించు రెండున్నర ఎకరాలు. ధరని డాలర్లలో రాస్తే ఏ రోజు మారకపు విలువతో లెక్కకట్టారో పక్కనే రాయాలి. మనం "2024-25" అని రాస్తే కొందరు దాన్ని రెండేళ్ళ మొత్తం అనుకుంటారు. "2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు" అని విడమర్చి రాయండి. ఆ నెలల సంగతి తెలియక ఒక పెట్టుబడిదారు మన లెక్కలు రెండింతలు చేసి చెప్పామనుకున్నాడు. సర్దిచెప్పడానికి వారం పట్టింది.

ప్రతి అంకె పక్కనా అది ఎక్కడిదో ఉండాలి. యార్డుకి వచ్చిన సరుకు లెక్క అయితే మార్కెట్ కమిటీ రికార్డు, ఎగుమతి అయితే స్పైసెస్ బోర్డు లేదా కేంద్ర వాణిజ్య శాఖ లెక్క, రాష్ట్ర ఆదాయం అయితే ప్రభుత్వ సామాజిక ఆర్థిక సర్వే. ఎవరో వాట్సాప్‌లో పంపిన అంకె ఒక్కటి దొర్లినా మిగతా పదింటినీ అనుమానిస్తారు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఒప్పందాల విలువని పెట్టుబడిగా చూపించకండి. సదస్సులో సంతకం పెట్టిన కాగితం వేరు, మంజూరైన ప్రాజెక్టు వేరు, గేటు తెరిచి కూలీలకు జీతం ఇస్తున్న ఫ్యాక్టరీ వేరు. మూడింటినీ మూడు వరసల్లో వేరుగా రాస్తే మూడో వరస చిన్నదిగా కనిపిస్తుందని మనవాళ్ళకి భయం. కనిపించనివ్వండి. బయటివాడు ఎలాగూ ఆ మూడో వరసనే వెతుకుతాడు. మనమే చూపించామంటే మిగతా రెండు వరసలనీ నమ్ముతాడు.

"ఆసియాలోనే అతి పెద్ద మిర్చి మార్కెట్" అన్న మాట మనకి నోటికి వచ్చేసింది. గర్వించదగ్గ మాటే. కానీ దాన్ని పేజీ పైన పెద్ద అక్షరాల్లో వేయడం కంటే, సీజన్‌లో ఒక రోజు యార్డుకి ఎన్ని టిక్కీలు వచ్చాయో ఆ నెల రికార్డు తీసి పెడితే ఎక్కువ పని చేస్తుంది. పెద్దదో కాదో చదివినవాడే తేల్చుకుంటాడు.

మూడో అడుగు: మన లోపాలు మనమే ముందు చెప్పడం

చాలామందికి ఈ అడుగు ఇష్టం ఉండదు. నాకు మాత్రం మిగతా అన్నిటికంటే ఇదే ముఖ్యం.

2003లో భారత మిర్చి సరుకుల్లో సుడాన్ అనే ఎర్ర రంగు యూరప్‌లో బయటపడింది. అది తినే రంగు కాదు, పరిశ్రమల్లో వాడే రంగు. యూరప్ వెంటనే ఆంక్షలు పెట్టింది. 2005లో బ్రిటన్‌లో అదే రంగు ఉన్న మిరప్పొడి వాడిన వందల రకాల ఆహార పదార్థాలను దుకాణాల నుంచి వెనక్కి తీసుకున్నారు. తప్పు ఎక్కడో కొందరిది. మచ్చ మిర్చి పంపే ప్రతి ఊరికీ అంటింది. అప్పటి నుంచి మన స్పైసెస్ బోర్డు ఎగుమతి మిర్చికి పరీక్షలు తప్పనిసరి చేసింది. బోర్డు ల్యాబ్ గుంటూరులోనే ఉంది. కొనుగోలుదారు పాత కథ ఎత్తేలోపే మీరే ఎత్తి, ఇప్పుడు పరీక్ష ఎలా జరుగుతుందో చెప్పండి. వీలైతే ల్యాబ్ రిపోర్టు ఎలా ఉంటుందో చూపించండి.

రెండోది అఫ్లాటాక్సిన్. కాయ సరిగా ఆరకపోతే పట్టే బూజు నుంచి పుట్టే విషం ఇది. యూరప్ పరిమితి చాలా తక్కువ. కిలో మిర్చిలో బి1 రకం 5 మైక్రోగ్రాములు, మొత్తం అన్ని రకాలూ కలిపి 10 మైక్రోగ్రాములు దాటకూడదు. అంటే ల్యాబ్‌లో గెలవాలంటే కల్లంలో గెలవాలి. మట్టి నేల మీద ఆరబోస్తే రాత్రి మంచు, కింద తేమ రెండూ కాయకి ఎక్కుతాయి. పట్టా వేసి లేదా సిమెంటు కల్లంలో ఆరబోసి, సాయంత్రం కప్పి, తేమ పది పదకొండు శాతానికి దిగాకే టిక్కీ కట్టాలి. తేమ కొలిచే మీటరు ఖరీదు ఒక తిరస్కరించిన కంటైనర్ ముందు లెక్కలోకి రాదు.

ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. ఒక ఏడాది ఫిబ్రవరిలో అకాల వాన పడింది. తొందరలో ఉన్నాం, ఓడ తేదీ దగ్గర పడింది. ఆరిందో లేదో చేత్తో నలిపి చూసి సరేననుకుని ఎక్కించేశాం. నెల తర్వాత అవతలి రేవులో తలుపు తీస్తే బూజు వాసన. సరుకు వెనక్కి వచ్చింది. డబ్బు పోయింది సరే, ఆ కొనుగోలుదారు మళ్ళీ నా ఫోన్ ఎత్తలేదు. ఆ కాయ ఎండబెట్టిన రైతు అడిగిన మాట ఇప్పటికీ గుర్తే: "మాకు ముందే చెప్పి ఉంటే ఇంకో రెండు రోజులు ఆరబెట్టేవాళ్ళం కదండీ." నిజమే. అవతలివాడి పరిమితి ఏమిటో మేము రైతుకి ఎప్పుడూ చెప్పలేదు.

మూడోది పురుగుమందుల అవశేషాలు. తామర పురుగు వచ్చిన ఏడు రైతు భయంతో పది రకాలు కొడతాడు. అతన్ని తప్పుపట్టలేం, పైరు పోతే అప్పు మిగులుతుంది. దారి ఒకటే. ఏ దేశానికి పంపాలనుకుంటున్నారో నాటేటప్పుడే నిర్ణయించి, ఆ దేశం ఒప్పుకోని మందుల జాబితా రైతుకి తెలుగులో ఇచ్చి, కొట్టిన మందు, తేదీ ఒక పుస్తకంలో రాయించాలి. గుంటూరు పక్కనే ఉన్న లాం ఫామ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రం శాస్త్రవేత్తల సలహా ఇందులో బాగా పనికొస్తుంది. ఆ రైతు కాయ విడిగా ఆరాలి, విడిగా కోల్డ్ స్టోరేజీకి వెళ్ళాలి, టిక్కీ మీద చీటీ ఉండాలి. మొదట నేను చెప్పిన యూరప్ ఆయన ప్రశ్నకి జవాబు ఈ పుస్తకమే. పొగాకు వాళ్ళని చూడండి. 1976 నుంచి పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం గుంటూరులోనే ఉంది, రైతు రిజిస్ట్రేషన్ నుంచి వేలం దాకా లెక్క ఉంటుంది. మన పక్క వీధిలో ఉన్న పద్ధతిని మిర్చిలో తెచ్చుకోలేమా అని నాకు చాలాసార్లు అనిపిస్తుంది.

నాలుగోది ధరల ఊగిసలాట. 2023లో క్వింటా 20 వేలు దాటి పలికిన కాయ, 2025 ఫిబ్రవరి నాటికి కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకి 11,781 రూపాయల ధర ప్రకటించాల్సిన స్థితికి పడిపోయింది. విదేశీ కొనుగోలుదారుకి ధర పడితే సంతోషమే కదా అనుకోకండి. ధర పడిన మరుసటి ఏడు రైతులు మిర్చి తగ్గించేస్తారు, అప్పుడు సరుకు దొరకదని అతనికీ తెలుసు. స్థిరంగా దొరకాలంటే రైతుకి గిట్టాలి. అందుకే ఏడాది ఒప్పందం, అందులో కనీస ధర అన్న ఆలోచన మనమే ముందు పెట్టాలి.

నాలుగో అడుగు: కాగితాలు

ఇది త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే పని పెద్దది కాదు, వాయిదా వేయడమే సమస్య. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ నుంచి దిగుమతి ఎగుమతి కోడ్, స్పైసెస్ బోర్డు ఎగుమతిదారు రిజిస్ట్రేషన్, ఆహార భద్రతా లైసెన్స్, జీఎస్టీలో ఎల్‌యూటీ (పన్ను ముందే కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీ పత్రం). సరుకు వెళ్ళేటప్పుడు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం, మూల దేశ ధ్రువపత్రం. ఎండు మిర్చి కాయకి కస్టమ్స్ కోడ్ 0904 21తో, పొడికి 0904 22తో మొదలవుతుంది. ఈ రెండూ తారుమారైతే రేవులో రోజులు పోతాయి.

చైనాకి పంపాలంటే ఇంకొకటి. 2022 జనవరి నుంచి ఆహార సరుకు పంపే విదేశీ యూనిట్లు అక్కడి కస్టమ్స్ శాఖ దగ్గర నమోదై ఉండాలి. యూఏఈతో 2022 మే నుంచి, ఆస్ట్రేలియాతో 2022 డిసెంబరు నుంచి వాణిజ్య ఒప్పందాలు అమల్లో ఉన్నాయి. మీ సరుకుకి అక్కడ సుంకం ఎంతో చూసుకుని, ఆ అంకెని పరిచయ పత్రంలోనే రాయండి. కొనేవాడు తన లెక్క తాను వేసుకోవాల్సిన శ్రమ తగ్గుతుంది.

ఐదో అడుగు: మొదటి ఉత్తరం, మొదటి మచ్చు

ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. మీరెవరు, ఏ రకం, ఎంత సరుకు, ఏ నెలలో, ఏ రేవు నుంచి, ల్యాబ్ అంకెలు ఏమిటి, మచ్చు ఎప్పుడు పంపగలరు. "ప్రపంచ స్థాయి", "అత్యుత్తమ" లాంటి మాటలు తీసేయండి. రోజుకి యాభై ఉత్తరాలు చదివే మనిషి వాటిని దాటుకుంటూ పోతాడు.

ఎవరికి రాయాలి? విదేశాల్లోని మన రాయబార కార్యాలయాల్లో వాణిజ్య విభాగాలు ఉంటాయి. మర్యాదగా, స్పష్టంగా రాస్తే అక్కడి దిగుమతిదారుల వివరాల విషయంలో సాయం చేస్తారు. దుబాయ్‌లో ఏటా జరిగే గల్ఫుడ్, జర్మనీ కొలోన్‌లో రెండేళ్ళకోసారి జరిగే అనుగా లాంటి ఆహార ప్రదర్శనలకి స్పైసెస్ బోర్డు ద్వారా వెళ్ళే అవకాశం ఉంటుంది. మొదటిసారి స్టాల్ తీసుకోకండి, ఊరికే తిరగండి. మీ కాయతో పోటీ పడేవాళ్ళు దాన్ని ఎలా ప్యాక్ చేస్తున్నారో, ఏం మాట్లాడుతున్నారో రెండు రోజులు వింటే వచ్చే జ్ఞానం ముందు స్టాల్ ఖర్చు వృథా.

మచ్చు విషయంలో నిజాయితీ తప్పకూడదు. గుట్టలో మేలైన కాయలు ఏరి పంపి, తర్వాత మామూలు లాటు ఎక్కిస్తే ఆ సంబంధం ఒక్క కంటైనర్‌తో సరి. లాటులో అక్కడక్కడ టిక్కీలు విప్పి, పైనుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి తీసి కలపండి. తాలు (రంగు పోయిన కాయ) ఎంత శాతం, తొడిమతోనా తొడిమ తీసిందా, తేమ ఎంత అన్నది రాయండి. సగం పంపి, మిగతా సగం సీలు వేసి, తేదీ రాసి మీ దగ్గర దాచండి. గొడవ వచ్చిన రోజు మీ తరఫున మాట్లాడేది ఆ పొట్లమే.

ఆరో అడుగు: మనిషి వచ్చిన రోజు

పిలిచే కాలం చూసుకోండి. కొత్త కాయ జోరుగా వచ్చేది జనవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా. మే నెలలో యార్డుకి ఎండాకాలం సెలవులు ఉంటాయి. ఆ ఎండలో అతన్ని తీసుకొచ్చి మూసిన గేటు చూపించినవాళ్ళు ఉన్నారు.

గన్నవరం విమానాశ్రయంలో దిగితే విజయవాడలో బస పెట్టండి. అక్కడి నుంచి గుంటూరు 35 కిలోమీటర్ల దూరమే అయినా తెల్లవారుజామునే బయల్దేరాలి. ముందు పొలానికి, తర్వాత కల్లానికి, తర్వాత యార్డుకి, చివర కోల్డ్ స్టోరేజీకి. కాయ నడిచే దారిలోనే మనిషినీ నడిపించాలి. తిన్నగా యార్డుకి తీసుకెళ్తే రద్దీ తప్ప ఏమీ గుర్తుండదు. సమయం ఉంటే యడ్లపాడు దగ్గరి స్పైసెస్ పార్కు కూడా చూపించండి. శుద్ధి, గ్రైండింగ్ ఎలా జరుగుతుందో అక్కడ తెలుస్తుంది, పెట్టుబడి ఆలోచన ఉన్నవాడికి అది విత్తనం.

పూలదండలు, శాలువాలు, గంటసేపు ఉపన్యాసాలు వద్దు. మన అతిథి మర్యాద గొప్పదే, కానీ అతని దగ్గర ఒక్క రోజే ఉంది. భోజనంలో కారం ఎంత తినగలరో ముందే అడగండి. కారం తగ్గించి పప్పు, కూర, పెరుగు పెట్టి, గోంగూర పచ్చడి పక్కన రుచి చూడటానికి ఉంచితే చాలు.

రైతుతో అతన్నే మాట్లాడనివ్వండి. మీరు అనువాదం చేసేటప్పుడు రైతు మాటని తియ్యగా మార్చకండి. ఒకసారి మా వైపు రైతు ఒకాయన తైవాన్ మనిషిని చూపిస్తూ, "బాబూ, ఆయన కిలోకి రూపాయి ఎక్కువ ఇస్తే నేను నేల మీద ఆరబోయను, పట్టాలు కొంటాను, ఆ మాట చెప్పు" అన్నాడు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ సాయంత్రం బేరంలో అతను మొదట ఎత్తిన విషయం ఆ పట్టాలే.

ఇంకొకటి, చాలామంది కప్పిపుచ్చాలని చూసేది. తాలు ఏరే, తొడిమలు తీసే పని ఎక్కువగా ఆడవాళ్ళు చేస్తారు. రోజంతా ఆ ఘాటులో కూర్చుంటారు. పెద్ద కంపెనీలు ఇప్పుడు కాయతో పాటు కూలీ పరిస్థితి కూడా తనిఖీ చేస్తాయి: కూలి ఎంత, మరుగుదొడ్డి ఉందా, మంచినీళ్ళు ఉన్నాయా, మాస్కులు, చేతి తొడుగులు ఇస్తున్నారా, పిల్లలు పనిలో ఉన్నారా. విదేశీయుడు వచ్చే రోజు మాత్రమే మాస్కులు పంచితే అతనికి ఇట్టే తెలిసిపోతుంది, కొత్త మాస్కు మడతలే చెబుతాయి. ఈ ఏర్పాట్లు అతని కోసం కాదు, మన ఆడబిడ్డల కోసం చేయాల్సినవి. ఏడాది పొడుగునా ఉంటే తనిఖీ రోజు టెన్షన్ ఉండదు.

సాయంత్రం ఒక గంట మిగిలితే ఉండవల్లి గుహలకో, అమరావతి స్తూపానికో తీసుకెళ్ళండి. శ్రీలంక, థాయ్‌లాండ్, జపాన్ నుంచి వచ్చేవాళ్ళకి ధాన్యకటకం, అంటే అమరావతి పాత పేరు, కొత్త కాదు. 2006 జనవరిలో దలైలామా కాలచక్ర అనే బౌద్ధ ఉత్సవం నిర్వహించింది అక్కడే. మచిలీపట్నంలో 1611లోనే ఇంగ్లీషు వాళ్ళు వర్తక స్థావరం పెట్టారని, అంతకు ముందు నుంచీ మన బట్ట సముద్రం దాటుతోందని చెబితే, తాను కొత్త చోటుకి రాలేదని అతనికి అర్థమవుతుంది.

ఏడో అడుగు: వచ్చినవాడు పెట్టుబడిదారు అయితే

ఆహార శుద్ధి పరిశ్రమలో నూరు శాతం విదేశీ పెట్టుబడికి ముందస్తు అనుమతి అక్కర్లేదు, ఆటోమేటిక్ మార్గంలో పెట్టవచ్చు. అయితే మన దేశంతో భూ సరిహద్దు ఉన్న దేశాల పెట్టుబడికి 2020లో వచ్చిన నిబంధనతో ప్రభుత్వ అనుమతి అవసరమైంది. మన తేజ కొనే చైనా వ్యాపారి ఇక్కడే ఫ్యాక్టరీ పెడతానంటే ముందు ఈ నిబంధన తాజా రూపం ఒక చార్టర్డ్ అకౌంటెంట్‌తో చూపించుకోవాలి. వ్యవసాయ భూమి విదేశీయుడు కొనలేడు. కాబట్టి పొలం చూపించి ఆశ పెట్టకండి, రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీ ఇచ్చే పారిశ్రామిక స్థలం చూపించండి. వాటాలు కేటాయించాక 30 రోజుల్లో రిజర్వ్ బ్యాంకుకి తెలియజేయాల్సిన పత్రం ఒకటి ఉంది. మరిచిపోతే జరిమానా.

ఇక అమరావతి. ప్రతి పెట్టుబడిదారూ అడుగుతాడు. కథ మొత్తం చెప్పండి. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన, 2019 తర్వాత పనులు ఆగిపోవడం, అదే ఏడు సింగపూర్ సంస్థలతో ఉన్న ఒప్పందం రద్దవడం, 2024 డిసెంబరులో ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు చెరి దాదాపు 80 కోట్ల డాలర్ల రుణాలు మంజూరు చేయడం, 2025 మే 2న పనులు మళ్ళీ మొదలవడం. మధ్యలోని ఐదేళ్ళు దాటేసి చెబితే, ఆ రాత్రి హోటల్ గదిలో అతను తన ఫోన్‌లోనే చదివేస్తాడు. అప్పుడు మన మాటల్లో ఇంకేం దాచామా అని వెతుకుతాడు. ప్రభుత్వం మారితే ఏమవుతుందన్న ప్రశ్నకి మన దగ్గర మాటలతో జవాబు లేదు. చట్టంలో, ఒప్పందంలో, బ్యాంకుల షరతుల్లో ఉన్న రక్షణలు ఏమిటో అవే చూపించాలి.

వరద గురించీ అంతే. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్ళలో ఉంది. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చింది, చరిత్రలోనే అదే ఎక్కువ. విజయవాడ దగ్గర స్థలం చూపిస్తుంటే ఆ రోజు అక్కడ నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో పక్క ఇళ్ళవాళ్ళని అడిగి, గోడ మీద గుర్తు ఉంటే అదీ చూపించండి. నీళ్ళు రాని స్థలమైతే అది మీకు అన్నిటికంటే మంచి ప్రకటన. వచ్చిన స్థలమైతే పునాది ఎంత ఎత్తు వేయాలో, బీమా ఎంత పడుతుందో లెక్క ఇవ్వండి.

రవాణాకి 16వ నంబరు జాతీయ రహదారి, విజయవాడ జంక్షన్ మన బలం. కంటైనర్ మాత్రం చెన్నైకో, విశాఖకో వెళ్ళాలి. మచిలీపట్నం పోర్టు నిర్మాణంలో ఉంది. కట్టాక వచ్చే లాభాన్ని "కట్టాక" అనే చెప్పండి.

ఎనిమిదో అడుగు: బేరం, డబ్బు, తర్వాతి సీజన్

మొదటి ఆర్డరు చిన్నదిగా ఉండనివ్వండి. ఒక్క కంటైనర్. ధర ఎఫ్‌ఓబీనా, సీఐఎఫ్‌నా, అంటే ఓడ కిరాయి, బీమా ఎవరివన్నది రాతలో ఉండాలి. కొత్త కొనుగోలుదారుని లెటర్ ఆఫ్ క్రెడిట్ (కాగితాలు సరిగా ఉంటే డబ్బు ఇస్తామని అతని బ్యాంకు రాసిచ్చే హామీ) అడగండి. అందులో రాసిన ప్రతి పదానికీ మీ కాగితాలు సరిపోవాలి, రకం పేరులో ఒక అక్షరం తేడా వచ్చినా బ్యాంకు డబ్బు ఆపుతుంది. అప్పు మీద పంపాల్సి వస్తే, కొనుగోలుదారు డబ్బు ఎగ్గొడితే ఆదుకునే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈసీజీసీ బీమా తీసుకోండి. పరీక్ష ఏ ల్యాబ్‌లో, తేడా వస్తే ఎవరి రిపోర్టు చెల్లుతుంది అన్నది ముందే ఒప్పుకోండి. ఈ ఒక్క వాక్యం లేక ఎన్నో స్నేహాలు చెడ్డాయి.

ఒకే దేశాన్ని నమ్ముకోకండి. మన పక్కనే ఉన్న రొయ్యల రైతులు అమెరికా మీద ఎంతగా ఆధారపడ్డారో, 2025 ఆగస్టులో అక్కడ సుంకం 50 శాతానికి చేరినప్పుడు చెరువు గట్ల మీద ఎంత ఆందోళన కనిపించిందో చూశాం. తేజలో మనకి చైనా అలాంటిదే. రెండో దేశం, మూడో దేశం వెతకడం అమ్మకాలు బాగున్న ఏడాదిలోనే చేయాలి.

కొనుగోలుదారు వెళ్ళిన మూడు రోజుల్లోపు ఒక ఉత్తరం రాయండి. అతను అడిగినవి, మీరు చెప్పలేకపోయినవి వరసగా రాసి, ఒక్కొక్కదానికి జవాబో, జవాబు వచ్చే తేదీనో పెట్టండి. ఆర్డరు ఇవ్వకపోయినా సరే, జనవరిలో కొత్త కాయ కల్లానికి రాగానే రెండు ఫొటోలు పంపండి: పట్టా మీద ఆరుతున్న కాయ ఒకటి, పక్కనే తేమ మీటరు అంకె ఒకటి. మేము తిరిగి రాదనుకున్న ఒక మలేసియా ఆర్డరు మూడో ఏడు అలా పంపిన ఫొటోకి జవాబుగా వచ్చింది. అందులో ఒక్క లైనే ఉంది: ఈ లాటులో ఎన్ని టిక్కీలు ఉన్నాయి?